ఇవ్వడం పిల్లలకు తెలుసు, వేరుచేయడం మనమే నేర్పాం

(చెన్నైలోని తెలుగు సంఘాల సండే స్కూలు టీచర్లు, తల్లిదండ్రులు, యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లలకు దాతృత్వం నేర్పడం ఎలా?" అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. సరేనన్నాం. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే ఆ ప్రశ్నలోనే ఏదో తేడా ఉందనిపించింది. మనకు ఇవ్వడం వచ్చు, పిల్లలకు రాదు, కాబట్టి మనం నేర్పాలి అన్నట్టు ఉంది ఆ ప్రశ్న. అది నిజమేనా? ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాం. ఇది గొప్పగా చెప్పుకునే సాక్ష్యం కాదు. ఒప్పుకోవలసిన తప్పు.

2023 డిసెంబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే మన చెన్నైని ముంచేసింది. నీళ్లు తీశాక మా వీధి నిండా బురద, చెత్త, తడిసిన పరుపులు. పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి ఎత్తిపోశారు. ఒక మధ్యాహ్నం, మా వీధిలో పని చేస్తున్న ఒక అక్క గుమ్మం దగ్గరికి వచ్చి, "అయ్యా, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?" అని తెలుగులోనే అడిగింది. నెల్లూరు యాస. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. పక్కనే ఆడుకుంటోంది. "అక్కకు నీళ్లు తెచ్చివ్వమ్మా" అని చేతికందిన గ్లాసు పాపకిచ్చాం. పాప ఆ గ్లాసు చూసి బల్ల మీద పెట్టేసింది. వెళ్లి, కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న ఇంకో స్టీలు గ్లాసు తీసుకుంది. "అది కాదు నాన్నా, బయటివాళ్లకిచ్చే గ్లాసు ఇది" అంది.

ఆ గ్లాసుతోనే నీళ్లిచ్చింది. అక్క తాగుతుండగా మళ్లీ లోపలికి పరుగెత్తింది. తాను దాచుకున్న బిస్కెట్ పొట్లంలో మిగిలిన రెండు బిస్కెట్లూ తెచ్చి అక్క చేతిలో పెట్టింది. బిస్కెట్లు ఇమ్మని ఎవరూ చెప్పలేదు. గ్లాసు మార్చమనీ ఎవరూ చెప్పలేదు.

మా తాతగారు నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి, జీవితమంతా ఇదే చీపురు పట్టి ఈ ఊరి వీధులు ఊడ్చారు. ఎన్ని గుమ్మాల ముందు దోసిలి పట్టి నీళ్లు పోయించుకున్నారో మా నాయనమ్మ చెప్పగా విన్నాం. ఆయన మనవడు వేదాంత విద్య చదివి, సంఘకాపరి అయ్యి, కులం మీద ఎన్నో సభల్లో మాట్లాడాడు. మరి ఆ మనవడి వంటింటి కిటికీలోకి ఆ గ్లాసు ఎలా వచ్చింది? దాన్ని ఎవరు అక్కడ పెట్టారో మా ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. పాప మాత్రం కనిపెట్టింది.

ఈరోజు మనం మాట్లాడుకోవలసినదంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది. ఒక చేతిలో బిస్కెట్లు, ఒక చేతిలో వేరే గ్లాసు. ఈ రెండూ పిల్లలకు ఎక్కడి నుంచి వస్తాయి?

మొదట బిస్కెట్ల సంగతి. 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర పిల్లల ముందు ఒక చిన్న పని చేసి చూశారు. పెద్దాయన ఏదో పని చేసుకుంటూ ఒక వస్తువు జారవిడుస్తాడు, అందుకోలేక చేయి చాపుతాడు. మాటలు కూడా సరిగా రాని ఆ పిల్లల్లో చాలామంది లేచివెళ్లి దాన్ని తీసి ఆయన చేతికిచ్చారు. మెప్పు లేదు, మిఠాయి లేదు. ఇదేదో విదేశాల పిల్లల సంగతి అనుకోకండి. 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో కెనడా, పెరూ దేశాల పిల్లలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని పిల్లలనూ గమనించారు. మూడు చోట్లా పసిపిల్లలు సాయానికి ముందుకొచ్చారు.

2012లో కెనడాలో ఇంకో సంగతి చూశారు. రెండేళ్లు కూడా నిండని పిల్లలకు తినుబండారాలు ఇచ్చి, ఒక కోతి బొమ్మకు పెట్టించారు. తాము పుచ్చుకున్నప్పటి కంటే ఇచ్చినప్పుడు పిల్లల ముఖాలు ఎక్కువగా వెలిగాయి. అందులోనూ, పరిశోధకురాలు అందించినది ఇచ్చినప్పటి కంటే తమ గిన్నెలోది తీసి ఇచ్చినప్పుడు సంతోషం ఇంకా ఎక్కువగా కనబడింది. పుచ్చుకోవడం కంటే ఇవ్వడంలో ధన్యత ఉందన్న ప్రభువు మాటను పౌలు ఎఫెసు పెద్దలకు గుర్తుచేశాడు. ఆ మాట చదవడం రాని పిల్లలు దాన్ని ముందే రుచి చూస్తున్నారు.

యువజనులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలాంటి ప్రయోగాలన్నీ ఒకేలా నిలబడవు. ఆరు నెలల పసివాళ్లు కూడా సాయం చేసే బొమ్మనే ఇష్టపడతారని 2007లో వచ్చిన ఫలితం ఎంతో పేరు పొందింది. తర్వాత అనేక ప్రయోగశాలలు కలిసి చాలా ఎక్కువమంది పిల్లలతో చేసి చూస్తే ఆ ఇష్టం కనబడలేదు. కాబట్టి పిల్లలు దేవదూతలని ఎవరూ అనడం లేదు. మనం పాపంలో పుట్టినవాళ్లమని దావీదు ఒప్పుకున్నాడు, మనమూ ఒప్పుకుంటాం. కానీ దేవుని స్వరూపంలో చేయబడ్డామని ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. సండే స్కూల్లో మనం ఎక్కువగా చెప్పేది మొదటి మాటే. రెండోది కూడా చెప్పాలి.

"మరి మా మూడేళ్లవాడు బొమ్మ ముట్టుకుంటే ఊరంతా వినబడేలా ఏడుస్తాడే?" అని తల్లులు అడుగుతారు. నిజమే. స్విట్జర్లాండ్‌లో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు 229 మందితో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. తన మిఠాయిలో కొంత పంచడానికి మూడు, నాలుగేళ్ల పిల్లల్లో ఒప్పుకున్నవాళ్లు చాలా తక్కువ. ఏడు, ఎనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు సగంమంది పంచారు. పడిన వస్తువు తీసివ్వడం వేరు, తన మిఠాయి వదులుకోవడం వేరు. మూడేళ్ల పిల్లకు పంచాలని తెలుసు, చేయి రాదు. ఆ చేయి రావడానికి కాలం పడుతుంది. అందుకే మూడేళ్ల పిల్లను "స్వార్థపరురాలివి" అని నలుగురిలో సిగ్గుపరచకండి. కాయ పండాలంటే రోజులు పడతాయి.

అయితే ఆ అధ్యయనంలో ఇంకో సగం ఉంది. పంచే గుణం పెరుగుతున్న ఆ వయసులోనే, "మా బడివాడికి ఎక్కువ, వేరే బడివాడికి తక్కువ" అనే గుణమూ పెరిగింది. వినండి, ఇది మన గుండెకు తగలాలి. ఔదార్యమూ, హద్దూ ఒకే వయసులో, ఒకే పిల్లలో మొలుస్తున్నాయి. గోధుమలూ గురుగులూ ఒకే పొలంలో పెరిగినట్టు. మా పాప చేతిలో బిస్కెట్లూ గ్లాసూ ఒకేసారి కనబడడంలో వింతేమీ లేదు.

ఇంకో అధ్యయనం 2015లో వచ్చింది. ఏడు దేశాలు: కెనడా, అమెరికా, మెక్సికో, పెరూ, సెనెగల్, ఉగాండా, మన భారతదేశం. నాలుగు నుంచి పదిహేనేళ్ల పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మిఠాయిలు పంచారు. ఒకోసారి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఆ పంపకాన్ని ఒప్పుకునేదీ, కాదనేదీ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉంటుంది. కాదంటే ఇద్దరికీ ఏమీ రాదు. తనకు తక్కువ వచ్చినప్పుడు "ఈ పంపకం వద్దు" అనడం ఏడు దేశాల్లోనూ పిల్లలు నేర్చారు. తనకు ఎక్కువ, ఎదుటి పిల్లకు తక్కువ వచ్చినప్పుడు కూడా "వద్దు" అనడం మూడు దేశాల్లోనే కనబడింది, అదీ కాస్త పెద్ద పిల్లల్లో. ఆ మూడు అమెరికా, కెనడా, ఉగాండా. మన దేశం అందులో లేదు.

దీన్ని పట్టుకుని మన పిల్లలు చెడ్డవాళ్లనకూడదు. ఒకే చోట కొందరు పిల్లలతో చేసిన ప్రయోగం దేశమంతటికీ తీర్పు కాదు. కానీ అది మనకొక సంగతి చెబుతోంది. నాకు తక్కువైతే అన్యాయం అనడం ఏ పిల్లకైనా వస్తుంది. నాకు ఎక్కువైనా అన్యాయమే అనడం దానంతట అది రాదు. ఇంట్లో ఎవరో అనగా వినాలి, ఎవరో చేయగా చూడాలి. మన సామాజిక న్యాయ పోరాటాలను కూడా ఈ కొలతతో చూసుకుందాం. మనకు జరిగిన అన్యాయం మీద గొంతెత్తాం, ఎత్తాలి. మన కింద ఇంకొకరు ఉన్నచోట మన గొంతు ఎంత లేచింది? మాలల, మాదిగల మధ్య, తెలుగు సంఘంలో పాత సభ్యుల, నిన్నగాక మొన్న పనికోసం వచ్చినవాళ్ల మధ్య, ఇంట్లో కొడుకు పళ్లెం, కూతురి పళ్లెం మధ్య?

ఇప్పుడు గ్లాసు సంగతి. 1932లో పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త పిల్లల నైతిక బుద్ధి మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లలకు రెండు కథలు చెప్పేవాడు. ఒకడు తెలియక తలుపు తోస్తే వెనకున్న పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు దొంగతనంగా జామ్ తీయబోతే ఒక కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది పదిహేను పగలగొట్టినవాడిదే అన్నారు. పెద్ద పిల్లలు ఉద్దేశం చూశారు. చిన్న వయసులో నియమం అంటే పెద్దలు పెట్టినది, మార్చరానిది. మా పాప గ్లాసు మార్చినప్పుడు తప్పు చేస్తున్నాననుకోలేదు. తప్పు దిద్దుతున్నాననుకుంది. నాన్న పొరపాటున వేరే గ్లాసు ఇచ్చాడు, నేను సరిచేయాలి అనుకుంది. మనం నోటితో చెప్పే పాఠం కంటే మన వంటింటి అమరిక పిల్లకు గట్టి ధర్మశాస్త్రం.

ఊళ్లలో ఈ పాఠం ఇంకా బాహాటంగా జరుగుతుంది. 2022 సెప్టెంబరులో, మన తమిళనాడులోనే, తెన్‌కాశి జిల్లాలో దళిత పిల్లలు మిఠాయి కొనుక్కుందామని అంగడికి వెళ్లారు. ఊళ్లో కట్టుబాటు పెట్టారు, మీ వీధివాళ్లకు ఏమీ అమ్మం, ఇంట్లో చెప్పండి అని అంగడివాడు తిప్పి పంపాడు. ఆ వీడియో అందరూ చూశారు. కేసు పెట్టి అరెస్టు చేశారు. ఆ పిల్లల బాధ గురించి మనం మాట్లాడాం. అదే వీధిలో ఆ అంగడిలోనే మిఠాయి కొనుక్కోగలిగిన పిల్లలు కూడా ఉంటారు కదా. వాళ్లు ఆరోజు ఏం నేర్చుకున్నారు? వాళ్లకు బడిలో ఎన్ని నీతికథలు చెబితే అది చెరుగుతుంది?

మన సంఘాల్లో ఇవ్వడం ఎలా నేర్పుతున్నామో కూడా చూద్దాం. ఇందాక చెప్పిన పరిశోధకులే 2008లో ఇరవై నెలల పిల్లలతో మరో ప్రయోగం చేశారు. సాయం చేసిన ప్రతిసారీ కొందరికి ఆటవస్తువు బహుమానంగా ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. బహుమానం ఆగిపోయాక, అలవాటుపడిన పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువ సాయం చేశారు. అడగకుండానే వచ్చే మంచిని మనం కూలికి మార్చేశామన్నమాట. ఇప్పుడు గుడిలో తలెత్తి చూడండి. ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ట్యూబ్‌లైటు మీద దాత పేరు, గోడ గడియారం మీద దాత పేరు. మైకులో "ఫలానావారి కుటుంబం ఐదువేల రూపాయలు" అని చదువుతాం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఆ ఫ్యాను కిందే ప్రసంగం చేస్తాం. ఆరేళ్ల పిల్ల దేన్ని నమ్మాలి?

ఇంకొకటి. ఆదివారం కానుక సంచి వచ్చేసరికి జేబులోంచి పది రూపాయలు తీసి పిల్ల చేతిలో పెట్టి "వెయ్యమ్మా" అంటాం. అది పిల్ల కానుక కాదు, మన కానుకను పిల్ల మోస్తోంది అంతే. తన గిన్నెలోది ఇచ్చినప్పుడే పిల్ల ముఖం ఎక్కువ వెలిగిందని విన్నాం కదా. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి స్త్రీల సమాజం కుండలో వేసేది. మమ్మల్నీ వేయమనేది. "మీ అన్నంలోదే ఇది, రాత్రికి ఒక ముద్ద తగ్గుద్ది" అని చెప్పి మరీ వేయించేది. ఆ ముద్ద తగ్గడం మాకు ఇప్పటికీ గుర్తే.

యువజనుల్లో కొందరు అడుగుతారు, "మతం ఉన్న ఇళ్ల పిల్లలు తక్కువ పంచుతారని పరిశోధనలో తేలిందట కదా?" అని. 2015లో ఆరు దేశాల్లో 1,170 మంది పిల్లలతో చేసిన అధ్యయనం అలాగే చెప్పింది. లోకమంతా పత్రికల్లో వచ్చింది. తర్వాత ఆ లెక్కల్లో దేశాలను గుర్తించిన తీరులోనే తప్పు ఉందని బయటపడింది. 2019లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. అది విని మనవాళ్లు సంబరపడ్డారు. కానీ సంబరపడటానికి ఏముంది? లెక్క సరిచేశాక, విశ్వాసుల పిల్లలే ఎక్కువ ఉదారులని కూడా తేలలేదు. బాప్తిస్మం పొందిన ఇల్లు అయినంత మాత్రాన పిల్లకు విశాల హృదయం వస్తుందని పూచీ లేదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందన్నదే లెక్క.

మరి ఏం చేయాలి? ఈ ఊరి చరిత్రలోనే ఒక దారి ఉంది. మనం పండగ బట్టలకు వెళ్లే టీ నగర్ ఎవరి పేరు? పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడు. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, 1920 సెప్టెంబరు 16న థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు తిండి పెట్టాలని తీర్మానించారు. పిల్లకు రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు. తర్వాత కామరాజ్ కాలంలో మధ్యాహ్న భోజనం రాష్ట్రమంతటా వచ్చింది, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని విస్తరించారు, 2022 సెప్టెంబరు 15న ఉదయపు అల్పాహార పథకం మొదలైంది.

ఈ భోజనం కడుపు నింపడంతో పాటు ఒక పాఠం చెబుతుంది. నేల మీద ఒకే వరుస, ఒకే గరిటె, ఒకేలాంటి పళ్లెం. పెట్టేవాడి పేరు చెప్పి దండం పెట్టనవసరం లేదు, అది పిల్లల హక్కు. ఆ వరుసలో పక్కపక్కన కూర్చుని తిన్న పిల్లకు న్యాయం అంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కర్లేదు. వండినవారి కులం చూసి, వరుసను విడదీసి ఆ పాఠాన్ని పాడు చేసేది పెద్దలే.

కాబట్టి మేము అడిగేవి నాలుగు చిన్న పనులు. మీ వంటింట్లో, మీ గుడి వంటశాలలో వేరే గ్లాసు, వేరే పళ్లెం ఉందేమో ఈరోజే చూడండి. మీకు కనబడకపోతే పిల్లలను అడగండి, చూపిస్తారు. రెండోది, వీధి ఊడ్చే అక్కను, చెత్త బండి అన్నను పిల్లల ముందు వరుసపెట్టి పిలవండి, మీ కుర్చీలో కూర్చోబెట్టండి. మూడోది, ఏదైనా పంచేటప్పుడు ఎక్కువ వాటా మన చేతికొస్తే, "ఇది సరికాదు" అని పిల్లలు వినేలా అని, తిరిగి ఇచ్చేయండి. నాలుగోది సండే స్కూలు టీచర్లకు: మంచి పని చేసిన పిల్లకు స్టిక్కరు ఇవ్వడం ఆపి, "ఆ పాపకు ఎలా అనిపించిందో చూశావా?" అని అడగండి. పిల్ల చూపు బహుమానం మీద నుంచి మనిషి మీదకు మళ్లుతుంది.

చివరిగా వాక్యానికి వద్దాం. ఐదువేలమందికి ఆహారం పెట్టిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఆ రొట్టెలు ఒక చిన్నవాడివని చెప్పినది యోహాను ఒక్కడే, ఆరో అధ్యాయంలో. ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు. యవలు పేదవాళ్ల తిండి. పెద్దవాడైన ఫిలిప్పు రెండు వందల దేనారాల లెక్క వేశాడు. అంద్రెయ ఆ చిన్నవాణ్ణి చూపిస్తూనే, ఇంతమందికి ఇవి ఏపాటివని సందేహపడ్డాడు. వాడి పేరు ఎక్కడా రాయలేదు, ఏ ఫ్యాను మీదా లేదు. ఆ తర్వాత ప్రభువు జనమందరినీ పచ్చిక మీద కూర్చోబెట్టాడు. వందలుగా, యాభైలుగా వరుసలు తీరారని మార్కు రాశాడు. ఆ వరుసల్లో ఎవరికీ వేరే చోటు చూపించినట్టు ఏ సువార్తలోనూ లేదు. చిన్నవాడు తన రొట్టెలు ఇచ్చాడు, ప్రభువు వరుస వేశాడు. మన పిల్లలు మొదటిది చేస్తూనే ఉన్నారు. రెండోది సంఘం పని.

ఆరోజు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. పాపను ఏమీ అనలేదు. అక్క ముందే, "ఆ గ్లాసు విడిగా పెట్టడం మా తప్పు, మమ్మల్ని క్షమించు అక్కా" అన్నాం. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాపను కొట్టబాకండయ్యా" అని మాత్రం అంది. రాత్రి పాప అడిగింది, "మరి ఇన్ని రోజులూ ఎందుకు విడిగా పెట్టారు?" అని. వేదాంత కళాశాలలో రాసిన ఏ పరీక్షలోనూ అంత కష్టమైన ప్రశ్న రాలేదు. "తెలిసి తెలిసీ తప్పు చేశాం తల్లీ" అన్నాం. ఆ స్టీలు గ్లాసు ఇప్పుడు మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది. ఏది అదో మాకే తెలియదు. పాపకు తెలుసేమో, ఎప్పుడూ అడగలేదు.

మన పిల్లల చేతుల్లో దేవుడు ముందే పెట్టిన దాన్ని మనం లాగేసుకోకుండా ఆయనే మనకు బుద్ధినిచ్చును గాక. ఆమేన్.